పోయిన కండ తిరిగొస్తుందా? కరిగిపోయే స్కాఫోల్డ్‌ల వెనక ఉన్న లెక్కలు

చెన్నైలో పెద్ద ఆస్పత్రుల ప్లాస్టిక్ సర్జరీ ఓపీల దగ్గర తెలుగు వినబడటం కొత్తేమీ కాదు. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు బండి ప్రమాదంలో కాలు నుజ్జయితే, అక్కడ మొదటి చికిత్స అయ్యాక చాలామంది పట్టేది చెన్నై దారే. ఆర్నెల్లు గడిచేసరికి ఎముక అతుక్కుంటుంది, తొడ నుంచి తీసి వేసిన చర్మమూ పట్టుకుంటుంది. కానీ మోకాలి కింద ముందువైపు గుప్పెడు కండ ఉండదు, పాదం పైకి లేవదు. సరిగ్గా అలాంటి ఇంట్లోనే ఎవరి ఫోన్‌కో ఒక వీడియో వస్తుంది. శరీరంలో కరిగిపోయే పదార్థం పెట్టి కొత్త కండ పెంచుతున్నారని, ఆపరేషన్ అయిన మనిషి నడుస్తున్నాడని అందులో చెబుతారు.

ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. అలాగని ఎల్లుండి అడ్మిట్ అయి చేయించుకునే ఆపరేషనూ కాదు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం ఎంతో తెలియాలంటే ముందు కండ ఎలా బాగవుతుందో చూడాలి.

కండ తనంతట తానే బాగవుతుంది, ఒక హద్దు వరకు

మన శరీరం బరువులో దాదాపు 40 శాతం ఎముకలకు అంటుకుని ఉండే కండలదే. వాటికి రోజూ చిన్నాపెద్దా దెబ్బలు తగులుతూనే ఉంటాయి. జిమ్‌లో మొదటి వారం ఒళ్లు నొప్పులు పడ్డవాళ్లకు పది రోజుల్లో ఆ నొప్పి గుర్తు కూడా ఉండదు. ఈ మరమ్మతు చేసేవి శాటిలైట్ కణాలు, అంటే కండలోని మూలకణాలు. 1961లో అలెగ్జాండర్ మౌరో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద కప్ప కండను చూస్తూ వీటిని గుర్తించారు. కండ అంటే వేల పోగుల కట్ట. ఒక్కో పోగు చుట్టూ పలుచని తొడుగు ఉంటుంది. పోగుకూ తొడుగుకూ నడుమ ఈ కణాలు పని లేనప్పుడు నిద్రాణంగా పడి ఉంటాయి. వాటిని ఆ నిద్రలో ఏది ఉంచుతుంది, ఏది లేపుతుంది అన్నది మన దేశంలో కూడా గట్టిగా పరిశోధన జరిగిన అంశమే. హైదరాబాద్ సీసీఎంబీ, బెంగళూరు ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థల్లో పనిచేసిన జ్యోత్స్న ధవన్ బృందం పేరు ఈ రంగంలో తరచూ వినిపిస్తుంది.

దెబ్బ తగిలితే ముందు వాపు వస్తుంది. రక్తంలోంచి వచ్చిన కణాలు చచ్చిన పోగును శుభ్రం చేస్తాయి. శాటిలైట్ కణాలు మేల్కొని, సంఖ్య పెంచుకుని, ఒకదానిలో ఒకటి కలిసిపోయి కొత్త పోగుగా మారతాయి. ఇక్కడ ఒక చిన్న వివరం ఉంది, మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది. పోగు చచ్చిపోయినా పాత తొడుగు అక్కడే ఉంటుంది. కొత్త పోగు ఆ తొడుగులోనే, అదే దిశలో పెరుగుతుంది. నరం, రక్తనాళం కూడా పక్కనే ఉంటాయి.

లారీ చక్రం కింద నలిగి కండ ముక్కగా ఊడిపోతే తొడుగు పోతుంది, శాటిలైట్ కణాలూ పోతాయి, నరమూ రక్తనాళమూ కూడా పోతాయి. ఒక కండలో సుమారు 20 శాతం మించి ఇలా పోతే శరీరం దాన్ని మళ్లీ కట్టుకోలేదని పరిశోధకులు లెక్కగా చెబుతారు. ఆ గుంటను మచ్చ కణజాలంతో నింపేసుకుంటుంది. మచ్చ గట్టిగానే ఉంటుంది కానీ ముడుచుకోదు, లాగదు.

ప్రస్తుతం దీనికి ఉన్న చికిత్స ఫ్లాప్ సర్జరీ. తొడ లోపలివైపు ఉండే గ్రాసిలిస్ కండనో, వీపు మీది లాటిసిమస్ డోర్సై కండనో దాని రక్తనాళంతో, అవసరమైతే నరంతో సహా తెచ్చి మైక్రోస్కోప్ కింద అతుకుతారు. మంచి సర్జన్ చేతిలో మంచి ఫలితమే వస్తుంది. అయితే ఒకచోట నింపడానికి ఇంకోచోట తీయాలి, పైగా గాయం పెద్దదైతే తీయడానికి ఎక్కువ కండలు ఉండవు. స్కాఫోల్డ్‌ల మీద ఆసక్తి పుట్టింది ఈ ఇబ్బందిలోంచే.

ఒక్క పదార్థంతో ఎందుకు కుదరదు

భవనం కట్టేటప్పుడు చుట్టూ వేసే పరంజా లాంటిదే స్కాఫోల్డ్. కణాలు పట్టుకుని ఎక్కడానికి, వరసగా నిలబడటానికి ఒక తాత్కాలిక ఆధారం. తేడా ఏమిటంటే, పరంజాను పని అయ్యాక కూలీలు విప్పుతారు, దీన్ని శరీరమే కరిగించుకోవాలి. రాబర్ట్ లాంగర్, జోసెఫ్ వకాంటీ 1993లో రాసిన ఒక వ్యాసంతో ఈ ఆలోచనకు టిష్యూ ఇంజినీరింగ్ అన్న పేరు బాగా స్థిరపడింది.

కండ కోసం చేసే స్కాఫోల్డ్ కాంపోజిట్ కావాలంటారు, అంటే రెండు లేక అంతకు మించిన పదార్థాలు కలిపి చేసినది. కలపాల్సిన అవసరం ఒక అంకె చూస్తే అర్థమవుతుంది. బిగువును కిలోపాస్కల్స్‌లో కొలుస్తారు. ఆరోగ్యంగా ఉన్న కండ బిగువు సుమారు 12 కిలోపాస్కల్స్, అంటే వేలితో నొక్కితే సొట్టపడే మెత్తదనం. కరిగే ప్లాస్టిక్‌లలో బాగా వాడే పాలీకాప్రోలాక్టోన్ బిగువు సుమారు 3,00,000 కిలోపాస్కల్స్. అంటే 25,000 రెట్లు.

కణాలకు ఈ తేడా తెలుస్తుంది. 2010లో స్టాన్‌ఫర్డ్‌లో హెలెన్ బ్లావ్ బృందం శాటిలైట్ కణాలను రకరకాల బిగువున్న జెల్‌ల మీద పెంచింది. 12 కిలోపాస్కల్స్ దగ్గర, అంటే అచ్చం కండలాంటి మెత్తదనం మీద పెంచినవే తమ మూలకణ లక్షణాన్ని నిలుపుకున్నాయి. మామూలు గట్టి ప్లాస్టిక్ గిన్నెల్లో పెరిగినవి దాన్ని పోగొట్టుకున్నాయి.

మరి మెత్తటి జెల్ ఒక్కటే పెడితే సరిపోదా? అడుగు వేసిన ప్రతిసారీ కాలి కండ మీద పడే లాగుడుకు జెల్ చిరిగిపోతుంది, కుట్టు వేస్తే సూది రంధ్రం దగ్గరే తెగుతుంది. గట్టిది పెడితే కణాలకు నచ్చదు, మెత్తది పెడితే నిలవదు. అందుకే లాగుడు ఓర్చుకోవడానికి సన్నటి ప్లాస్టిక్ దారాలు, ఆ దారాల మధ్య కణాలు ఉండటానికి కొలాజెన్, జెలటిన్, ఫైబ్రిన్ వంటి జెల్. ఈ జోడింపే కాంపోజిట్‌కు మూలం.

దారాలు తీయడానికి ఎక్కువగా వాడేది ఎలక్ట్రోస్పిన్నింగ్. ద్రావణాన్ని సూది గుండా వదులుతూ వేల వోల్టుల విద్యుత్తు పెడితే అది వెంట్రుక కంటే ఎంతో సన్నని దారమై సాగుతుంది. వేగంగా తిరిగే డ్రమ్ము మీద దాన్ని చుడితే దారాలన్నీ ఒకే దిశలో పడతాయి. కండకు ఈ దిశ చాలా ముఖ్యం. పోగులన్నీ ఒకే వైపు ఉంటేనే అవి కలిసి లాగగలవు, చెల్లాచెదురుగా ఉంటే ఒకదాని బలాన్ని ఇంకొకటి తినేస్తుంది.

కొలాజెన్‌కు చెన్నైతో పాత చుట్టరికం

ఈ పదార్థాల్లో ఎక్కువ భాగం ఆస్పత్రులకు కొత్తవి కావు. కరిగే కుట్లు అని మనం చెప్పుకునేవాటిలో చాలావరకు పాలీగ్లైకోలిక్ ఆసిడ్, పాలీలాక్టిక్ ఆసిడ్ కుటుంబానివే. 1970ల నుంచి మనుషుల ఒంట్లో కరుగుతూనే ఉన్నాయి.

కొలాజెన్ సంగతి చెన్నై వాళ్లు కాస్త గర్వంగానే చెప్పుకోవచ్చు. దాని అణువు మూడు పేటల తాడులా మెలితిరిగి ఉంటుందని 1954లో ప్రతిపాదించింది మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. అడయారులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ 1948 నుంచి పనిచేస్తోంది. తోలు అంటేనే కొలాజెన్ కాబట్టి అక్కడి పరిశోధన గాయాల మీద వేసే కొలాజెన్ పొరల వైపు సాగడంలో ఆశ్చర్యం లేదు. ఆ సంస్థను ఎన్నో ఏళ్లు నడిపించిన యలవర్తి నాయుడమ్మ తెనాలి దగ్గరి యడ్లపల్లి మనిషి. కాలిన గాయాలకు వేసే కొలాజెన్ షీట్లు ఇవాళ మన ఆస్పత్రుల్లో మామూలే. అయితే చర్మం మీద పొర వేయడానికీ లోపల కండ పెంచడానికీ చాలా తేడా ఉంది. వీడియోల్లో ఈ రెండూ ఒకే గాట కట్టేస్తుంటారు.

కరగడం ఎంత వేగంగా ఉండాలి

కరగడం రెండు రకాలు. కుట్ల కుటుంబానికి చెందిన ప్లాస్టిక్‌ల గొలుసులను ఒంట్లోని నీరే తెంచుతుంది. చివరికి మిగిలేది లాక్టిక్ ఆసిడ్, గ్లైకోలిక్ ఆసిడ్. శరీరం వాటిని కార్బన్ డయాక్సైడ్, నీళ్లుగా మార్చి బయటికి పంపేస్తుంది. కొలాజెన్ లాంటి సహజ పదార్థాలను ఎంజైములు కొరుక్కుతింటాయి. ఎంజైములు ఎంత ఉంటాయన్నది మనిషిని బట్టి, గాయాన్ని బట్టి మారుతుంది. చీము పట్టిన గాయంలో కొలాజెన్ మరీ త్వరగా పోతుంది.

మొదటి రకంలో ఇంకో తిరకాసు ఉంది. మందంగా ఉన్న ముక్కలో లోపల పుట్టిన ఆసిడ్ బయటికి రాలేక అక్కడే పేరుకుని లోపలి భాగాన్ని ఇంకా వేగంగా కరిగిస్తుంది. పైకి బాగానే కనిపిస్తూ లోపల గుల్లవుతుంది. ఆ ఆసిడ్‌ను తటస్థం చేయడానికే కొన్ని కాంపోజిట్‌లలో బయోయాక్టివ్ గాజు వంటి ఖనిజాల పొడి కలుపుతారు.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. స్కాఫోల్డ్ బలం మొదట్లో 100. కాలు రోజువారీ లాగుడు తట్టుకోవాలంటే స్కాఫోల్డ్, కొత్త కణజాలం రెండూ కలిపి ఎప్పుడూ 50కి తగ్గకూడదు. కొత్త కణజాలం మూడో వారానికి 10, ఆరో వారానికి 30, తొమ్మిదో వారానికి 55 బలం తెచ్చుకుంటుంది. స్కాఫోల్డ్ బలం మూడు వారాలకోసారి సగమయ్యే రకమైతే మూడో వారంలో 50, 10 కలిసి 60. ఆరో వారంలో 25, 30 కలిసి 55. తొమ్మిదో వారంలో 12.5, 55 కలిసి 67.5. గట్టెక్కింది, ఆరో వారంలో మాత్రం అంచు మీద నడిచింది. అదే వారానికోసారి సగమయ్యే రకమైతే మూడో వారానికే 12.5, 10 కలిసి 22.5. చిరిగిపోతుంది.

అయితే ఏడాదిదాకా కరగనిది పెడితే పీడా పోతుంది కదా అనిపిస్తుంది. కానీ బరువంతా అదే మోస్తుంటే కొత్త పోగుల మీద లాగుడు పడదు. లాగుడు పడని కండ బలపడదు. పైగా ఎక్కువ కాలం ఉండే పరాయి వస్తువు చుట్టూ శరీరం మచ్చ గూడు కట్టుకుంటుంది. పాలీకాప్రోలాక్టోన్ పూర్తిగా పోవడానికి రెండేళ్లో అంతకు మించో పడుతుంది.

ఊపిరి అందని మధ్యభాగం, ఆలస్యంగా వచ్చే నరం

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు చిక్కుముడి పదార్థం దగ్గర లేదు, సరఫరా దగ్గర ఉంది.

నాలుగు సెంటీమీటర్ల పొడవు, మూడు వెడల్పు, ఒక సెంటీమీటరు మందం ఉన్న కండ ముక్క పోయిందనుకోండి. మొత్తం 12 ఘనపు సెంటీమీటర్లు, కాలి గాయాల్లో ఇది పెద్దదేమీ కాదు. ఆక్సిజన్ రక్తనాళం నుంచి దానంతటదే పాకగలిగేది 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు. ఆ ముక్క నట్టనడుమ ఉన్న కణం పైభాగం నుంచి 5 మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది, అంటే హద్దుకు 25 రెట్లు అవతల. కొత్త రక్తనాళాలు రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున దూసుకొచ్చినా అక్కడికి చేరడానికి ఐదు రోజులు కావాలి, వాస్తవంలో అవి అంత వేగంగా రావు. కణాలు అన్నాళ్లు ఓపిక పట్టలేవు. ల్యాబ్‌లో గిన్నెలోని పలుచటి పొరలో అందంగా పెరిగిన కండ, మనిషి కాలంత మందానికి వచ్చేసరికి తడబడేది ఇక్కడే. ఎలుక కండ కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి ఎలుకలో ఈ సమస్య అంతగా బయటపడదు.

నరం సంగతి ఇంకా నిదానం. తెగిన నరం మనిషిలో రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. కొత్త కండకు 15 సెంటీమీటర్ల ఎగువన నరం తెగి ఉంటే అది చేరడానికి 150 రోజులు, అంటే ఐదు నెలలు. కరిగే కుట్లలో సాధారణంగా వాడే పాలీగ్లాక్టిన్ రకం 56 నుంచి 70 రోజుల్లో కరిగిపోతుంది. స్కాఫోల్డ్‌నూ అదే పదార్థంతో చేస్తే, నరం వచ్చేసరికి అది పోయి మూడు నెలలవుతుంది. నరం అందని కండ ఆలోగా ఎండిపోతూ ఉంటుంది. నరం లేకుండా ఏడాది, ఏడాదిన్నర గడిస్తే తర్వాత వచ్చి కలిసినా లాభం చాలా తక్కువ. అంటే పదార్థం కరిగే గడియారాన్ని కండ పెరుగుదలతో సరిపెట్టాలి, రక్తనాళంతో సరిపెట్టాలి, నరంతోనూ సరిపెట్టాలి. మూడింటి వేగాలూ వేరు.

ఈ కారణంగానే కొందరు పాలీపిరోల్, కార్బన్ నానోట్యూబులు, బంగారు నానో రేణువులు వంటి విద్యుత్తు ప్రవహించే పదార్థాలు కలుపుతున్నారు. గిన్నెలో కణాలు వీటి మీద చురుగ్గా కలిసి పోగులవుతాయి, ఆ మాట నిజం. ఎదుటివాళ్ల అభ్యంతరమూ బలమైనదే: కండను ముడిచేది నరం పంపే సంకేతం, కింద ఉన్న తీగ కాదు. పైగా పాలీపిరోల్ గాని బంగారం గాని కరగవు. చుట్టూ ఉన్న పదార్థం పోయాక ఆ రేణువులు ఎక్కడికి వెళ్తాయన్న ప్రశ్న మిగిలిపోతుంది. అలాంటి దాన్ని బయోడీగ్రేడబుల్ అని పిలవడం సగం నిజమే.

కణాలు పెట్టాలా, ఉత్త చట్రం చాలా

మనుషుల్లో ఇప్పటిదాకా ఎక్కువగా చర్చకు వచ్చిన ప్రయోగం పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానిది. స్టీఫెన్ బాడిలాక్ బృందం పంది మూత్రాశయం పొరలోంచి కణాలన్నీ కడిగేసి, మిగిలిన కొలాజెన్ అల్లికను గాయంలో పెట్టింది. కణాలేవీ కలపలేదు. ఆ అల్లిక కరుగుతున్నప్పుడు వెలువడే ముక్కలే రోగి సొంత మూలకణాలను పిలుస్తాయని వారి వాదన. 2014లో ఐదుగురి ఫలితాలు వచ్చాయి, ముగ్గురిలో కదలిక మెరుగైంది. 2016లో మొత్తం 13 మంది ఫలితాలు వచ్చాయి.

ఇందులో నాకు గట్టిగా అనిపించిన విషయం, ఫిజియోథెరపీతో ఇక మెరుగు రాదన్న దశ వచ్చేదాకా రోగుల చేత వ్యాయామం చేయించి ఆ తర్వాతే ఆపరేషన్ చేశారు. తర్వాత కూడా వెంటనే వ్యాయామం మొదలుపెట్టించారు. కాబట్టి ఇదంతా వ్యాయామం మహిమే అని కొట్టిపారేయడం కష్టం. కానీ స్కాఫోల్డ్ పెట్టని రోగుల గుంపుతో పక్కపక్కన పెట్టి చూసిన ప్రయోగం కాదిది. ఆ ఆపరేషన్‌లోనే పాత మచ్చను కోసి తీశారు, దాని వల్ల కలిసొచ్చిన లాభమెంతో విడదీయడం కుదరదు.

ఇలా కణాలు కడిగేసిన అల్లికను ఎలుకల్లో పెట్టి చూసిన వేరే బృందాలకు అక్కడ కొత్త పోగులు కొద్దిగానే కనిపించాయి, మచ్చ ఎక్కువ కనిపించింది. అయినా కాలి బలం కొంత పెరిగింది. వాళ్ల వివరణ ఇది: గుంట పూడి, మిగిలిన పోగుల బలం ఎముక దాకా అందడానికి దారి దొరికింది, అంతే తప్ప కండ పుట్టలేదు. రోగి పాదం లేచిందా లేదా అన్నదే కొలమానమైతే ఈ తగువు చిన్నదే. తర్వాతి స్కాఫోల్డ్‌ను ఎలా తయారుచేయాలన్నది తేల్చుకోవాలంటే మాత్రం ఇదే పెద్దది. మచ్చే మేలు చేస్తోందంటే దానికి ఇంత ఖరీదైన హంగామా అక్కర్లేదు.

కణాలు కలపాలనే వర్గం మాట వేరు. తొడుగూ మూలకణాలూ రెండూ పోయినచోట ఉత్త చట్రం పిలిస్తే పలకడానికి ఎవరున్నారని వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ రోగి కండలోంచి కణాలు తీసి, ల్యాబ్‌లో వారాలపాటు పెంచి, మళ్లీ పెట్టాలి. ఖర్చు పెరుగుతుంది, ఆ కణాల్లో చాలా భాగం ఇందాక చెప్పిన ఆక్సిజన్ కరువుకే చచ్చిపోతాయి. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. పంది నుంచో పశువు నుంచో వచ్చిన పదార్థం అని తెలిస్తే వద్దనే కుటుంబాలు తక్కువేమీ కాదు. పట్టు ప్రోటీన్, చేపల కొలాజెన్ మీద పని చేసేవాళ్లకు ఇదీ ఒక ప్రేరణ.

‘37 శాతం మెరుగు’ అంటే ఎంత

ఆ 13 మందిలో ఆరు నెలలకు బలం సగటున 37.3 శాతం, కదలిక 27.1 శాతం పెరిగాయని ప్రకటించారు. ఈ శాతాలు ఆపరేషన్‌కు ముందున్న స్థితితో పోల్చినవి. దాన్ని ఇలా చూడండి. ఒకాయన దెబ్బతిన్న కాలితో 4 కిలోలు లేపేవాడు, ఇప్పుడు 5.5 కిలోలు లేపుతున్నాడు. పెరుగుదల 37.5 శాతం. ఆయన బాగున్న కాలు 20 కిలోలు లేపుతుందనుకుంటే, ముందు అందులో 20 శాతం ఉండేది, ఇప్పుడు 27.5 శాతం అయింది. రెండు వాక్యాలూ నిజమే. వార్తలో వచ్చేది మొదటిది, ఇంట్లో మనిషి అనుభవించేది రెండోది.

ఆ ఒకటిన్నర కిలో చిన్నదని తీసిపారేయలేం. పాదం నేలకు రాసుకోకుండా లేస్తే మెట్లెక్కడం, లోకల్ ట్రైన్ ఎక్కడం మారిపోతాయి. అయితే సగటు అన్నమాట వెనక అందరూ ఒకేలా ఉండరు. 2014లో ఐదుగురిలో ఇద్దరికి అలాంటి మెరుగు రాలేదు.

మన చట్టం దీన్ని ఎలా చూస్తుంది

కణాలు లేని స్కాఫోల్డ్ మన దేశంలో 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ కిందికి వస్తుంది. అందులో మూలకణాల నుంచి తయారైనదేదైనా కలిపితే వ్యవహారం మారిపోతుంది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు దాన్ని కొత్త మందుగానే చూస్తాయి, ట్రయల్ దశలన్నీ దాటాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఇంకాస్త సూటిగా ఉన్నాయి: రక్త సంబంధ వ్యాధులకు ఆమోదించిన మూలకణ మార్పిడి తప్ప, మిగతా ఏ మూలకణ చికిత్స అయినా అనుమతి పొందిన ట్రయల్‌లో భాగంగానే జరగాలి. ప్యాకేజీ ధర చెప్పి కండకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్ ఇస్తామనే ప్రకటనలు ఈ గీతకు అవతల ఉన్నవే.

మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ అన్నీ సీటీఆర్ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఏ ఆస్పత్రిలో, ఎంతమంది మీద, దేనితో పోల్చి, ఏం కొలుస్తున్నారన్నది అక్కడ ఎవరైనా ఉచితంగా వెతికి చూడవచ్చు. ట్రయల్‌లో చేరిన వ్యక్తి దగ్గర పరీక్షిస్తున్న చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించి పరిహారం ఇచ్చే బాధ్యత దాన్ని నడిపిస్తున్న స్పాన్సర్‌ది.